ముందు చిప్పు, తర్వాత టీకా

ఈ సంచికకి ఏదైనా ప్రయాణం గురించి రాయమని మన క్లబ్ గ్రూపులో మెసేజ్ వచ్చినప్పుడు నాకు నవ్వొచ్చింది. నేను ఇంతవరకు విమానం ఎక్కలేదు. పాస్‌పోర్ట్ కూడా తీసుకోలేదు. మా ఇంట్లో దేశం దాటినవాళ్లు ఇద్దరే. ఒకరు మా అక్క. రెండోది మా కుక్క. అక్క వీసాకి పట్టిన టైమ్ కంటే కుక్క కాగితాలకి పట్టిన టైమే ఎక్కువ. అందులో సగం ఆలస్యం నా వల్ల జరిగింది. అందుకే ఈ కథ అక్క రాయకూడదు, నేనే రాయాలి.

కుక్క పేరు జున్ను. 2020 లాక్‌డౌన్‌లో హనుమకొండలో మా వీధి చివర, మూసేసిన టీ కొట్టు బల్ల కింద దొరికింది. నాన్న పొద్దున్నే పాల ప్యాకెట్ కోసమని వెళ్లి, ఒక చేతిలో ప్యాకెట్, ఇంకో చేతిలో దీన్ని పట్టుకుని వచ్చాడు. రంగు అచ్చం జున్ను రంగే, అందుకే ఆ పేరు. "ఏందయ్యా ఇది, మనకే కూరగాయలు దొర్కుతలేవు" అని అమ్మ గట్టిగానే అరిచింది. రెండు రోజులయ్యాక దానికి పెరుగన్నం కలిపి పెట్టింది కూడా అమ్మే.

నాన్న గవర్నమెంట్ స్కూల్లో లెక్కల టీచరు. ఏ పనికైనా ఒక రిజిస్టర్ ఉండాలనే మనిషి. జున్నుకి మొదటి టీకా వేయించిన రోజు డాక్టర్ ఇచ్చిన చిన్న పుస్తకాన్ని ఇంటికి తెచ్చి, అట్ట వేసి, లోపల తన గుండ్రటి చేతిరాతతో నింపాడు. పేరు: జున్ను. ఆడ. రంగు: తెలుపు. జాతి: వీధి జాతి. యజమాని పేరు దగ్గర కాసేపు ఆలోచించి 'ఇంటిల్లిపాది' అని రాశాడు. తర్వాతి టీకాకి వెళ్లినప్పుడు డాక్టర్ అది చదివి నవ్వాడట.

2021 మేలో, సెకండ్ వేవ్‌లో, నాన్న పోయాడు. దాని గురించి ఇక్కడ ఎక్కువ రాయను. ఆ తర్వాత అమ్మ మహబూబాబాద్‌లో మంచాన పడ్డ అమ్మమ్మని చూసుకోవడానికి వెళ్లిపోయింది. అక్కకి హైదరాబాద్‌లో ఉద్యోగం, నాకు మన కాలేజీలో ఈసీఈ సీటు. నిజాంపేటలో రెండు గదుల ఫ్లాట్ తీసుకున్నాం. జున్ను మాతోనే వచ్చింది. రాత్రి అక్క కాళ్ల దగ్గర పడుకునేది. నాన్న పోయిన ఇంట్లో అక్క ఒక్కసారి కూడా మా ముందు ఏడవలేదు. జున్ను ముందు ఏడ్చిందేమో నాకు తెలీదు.

2023 ఫిబ్రవరిలో అక్కకి మ్యూనిక్‌లో ఉద్యోగం వచ్చింది. ఆగస్టు 1న చేరాలి. ఫోన్లో అమ్మ సంతోషం అంతా అయిపోయాక అడిగిన మొదటి ప్రశ్న, "మరి జున్ను?" మహబూబాబాద్‌లో మామయ్య వాళ్లకి చిన్న పిల్లలున్నారు, పైగా అత్తయ్యకి కుక్కలంటే భయం. అక్క వెళ్లాక నేను హాస్టల్‌కి మారాలి, అక్కడ కుక్కని ఉంచనివ్వరు. ఎవరికైనా ఇద్దామన్నా అది మంచి టైమ్ కాదు. ఆ ఫిబ్రవరిలోనే అంబర్‌పేటలో నాలుగేళ్ల బాబు వీధికుక్కల దాడిలో చనిపోయాడు. ఆ వీడియో చూసినవాళ్లకి తెలుసు, తర్వాత కొన్ని వారాల పాటు ఊళ్లో ఏ కుక్కనీ ఎవరూ మామూలుగా చూడలేదు. లిఫ్ట్‌లో జున్ను కనిపిస్తే జనం మెట్లెక్కి వెళ్లేవాళ్లు. వాళ్లని తప్పు పట్టలేను.

"నేనే తీస్కపోతా" అంది అక్క.

నేను టికెట్ కొంటే సరిపోతుందేమో అనుకున్నా. అక్క రెండు రోజులు కూర్చుని రూల్సన్నీ చదివి, ఒక కాగితం మీద రాసి ఫ్రిజ్‌కి అతికించింది. పెంపుడు జంతువుల మీద యూరోపియన్ యూనియన్‌లో అప్పుడు అమల్లో ఉన్న చట్టం 576/2013. రేబిస్ అదుపులో ఉన్న దేశాల జాబితా ఒకటి వాళ్ల దగ్గర ఉంటుంది. అందులో ఇండియా లేదు. అలాంటి దేశం నుంచి కుక్క రావాలంటే వరుస ఇది. మొదట 15 అంకెల మైక్రోచిప్పు వేయించాలి. తర్వాత రేబిస్ టీకా. టీకా వేసి కనీసం 30 రోజులయ్యాక రక్తం తీయాలి. ఆ రక్తాన్ని యూరోపియన్ యూనియన్ గుర్తించిన ల్యాబ్‌లో పరీక్షిస్తే యాంటీబాడీలు మిల్లీలీటరుకి 0.5 ఐయూ, లేదా అంతకంటే ఎక్కువ ఉండాలి. దీన్నే టైటర్ టెస్ట్ అంటారు. అందులో పాసయినా వెంటనే పంపరు. రక్తం తీసిన రోజు నుంచి మూడు నెలలు ఆగాలి. ఆఖర్న, ప్రయాణానికి ముందు పది రోజుల్లోపు ప్రభుత్వ పశువైద్యాధికారి సంతకంతో హెల్త్ సర్టిఫికెట్ తీసుకోవాలి.

అక్క లెక్క పక్కాగా ఉంది. మార్చిలో చిప్పూ టీకా, ఏప్రిల్‌లో రక్తం, జులైకి మూడు నెలలు పూర్తి. జులై 27న ఇద్దరూ కలిసి విమానం ఎక్కడం. ఆఫీసు పనీ, వీసా పనీ తనవి. చిప్పూ టీకా పని నాది.

మార్చి మొదటి వారంలో నాకు మిడ్స్. అవి అయిపోయాక 9వ తేదీన జున్నుని బండి మీద ముందు కూర్చోబెట్టుకుని క్లినిక్‌కి వెళ్లా. డాక్టర్ అన్నాడు, "చిప్పులు అయిపోయాయి, వచ్చే వారం వస్తాయి. దీనికి టీకా టైమ్ అయింది కదా, అది వేసేయమంటావా?" నేను ఫోన్ చూసుకుంటూ, "వేసేయండి సార్" అన్నా. అంతే. 16వ తేదీన మళ్లీ వెళ్తే చిప్పు వేశారు. బియ్యపు గింజంత ఉంటుంది. మెడ వెనక చర్మం కిందికి సూదితో పంపిస్తారు. స్కానర్ పెడితే నంబర్ కనిపించింది. నేను ఫొటో తీసి అక్కకి పంపా. అక్క లవ్ సింబల్ పెట్టింది.

ఏప్రిల్ 15న రక్తం తీశారు. సీరమ్ వేరు చేసి, ఐస్ ప్యాక్‌లో పెట్టి విదేశీ ల్యాబ్‌కి కొరియర్ చేశారు. మే రెండో వారంలో రిపోర్ట్ వచ్చింది. 0.5 కాదు, దానికి చాలా పైన ఉంది. ఆ రోజు అక్క ఆఫీసు నుంచి కేక్ తెచ్చింది. జున్నుకి కేక్ పెట్టకూడదు కాబట్టి ఉడకబెట్టిన గుడ్డు పెట్టాం.

ఆ రాత్రి మంచి ఉత్సాహంలో, హెల్త్ సర్టిఫికెట్ నమూనా డౌన్‌లోడ్ చేసుకుని, వివరాలు ముందే నింపి పెడదామని కూర్చున్నా. అందులో ఒక పట్టిక ఉంటుంది. మొదటి గడిలో చిప్పు నంబర్, దాని పక్కన చిప్పు వేసిన తేదీ, దాని పక్కన టీకా తేదీ, తర్వాత రక్తం తీసిన తేదీ. 16-03-2023 అని రాశా. పక్క గడిలో 09-03-2023 అని రాశా. రెండు తేదీలూ పక్కపక్కన కనిపించేదాకా నాకు వెలగలేదు. టీకా తేదీ చిప్పు తేదీ కంటే ముందు ఉండకూడదని ఆ కాగితంలోనే రాసుంది. ఉంటే ఆ టీకా లెక్కలోకి రాదు. టీకా లెక్కలోకి రాకపోతే రక్తపరీక్ష లెక్కలోకి రాదు. అది రాకపోతే మూడు నెలలూ రావు.

వాట్సాప్‌లో వెనక్కి వెళ్లి చూశా. మార్చి 1న అక్క మెసేజ్: "ముందు చిప్పు, తర్వాత టీకా. మర్చిపోకు." కింద నా బొటనవేలు సింబల్.

మనకి రెండో ఏడాదిలో చెప్తారు కదా, కాంబినేషనల్ సర్క్యూట్‌కీ సీక్వెన్షియల్ సర్క్యూట్‌కీ తేడా. మొదటిదానికి ఇప్పుడు ఇన్‌పుట్లు ఏంటి అన్నదే లెక్క. రెండోదానికి అంతకుముందు ఏం జరిగింది, ఏ వరుసలో జరిగింది అన్నది కూడా లెక్కే. సరిగ్గా ఆ చాప్టర్ మీదే మార్చి మిడ్స్‌లో నాకు ఇరవైకి పద్దెనిమిది వచ్చాయి. కుక్కకి చిప్పు ఉంది, టీకా ఉంది, యాంటీబాడీలు ఉన్నాయి. ఇన్‌పుట్లన్నీ ఉన్నాయి. వరుస మాత్రం తప్పింది.

పొద్దున్నే అక్కకి చెప్పకుండా క్లినిక్‌కి వెళ్లా. డాక్టర్ ఇంకా రాలేదు. అక్కడ పని చేసే అన్న మొత్తం విని, పుస్తకం తీసి చూశాడు. చూసి చాలా మామూలుగా అన్నాడు, "గింత దానికి పరేషాన్ ఎందుకు తమ్మీ. పదహారుల ఒకటి తీసి సున్నా పెడ్తే ఆరో తారీఖు అయితది. టీకా తొమ్మిది. సరిపాయె."

నిజమే. 16ని 06 చేస్తే చాలు. మన భాషలో చెప్పాలంటే ఒకే ఒక్క బిట్ ఫ్లిప్.

మీ ముందు గొప్పలు పోను. నేను వద్దు అనలేదు. "రేపు వచ్చి చెప్తా అన్నా" అని పుస్తకం తీసుకుని వచ్చేశా. ఇంటికొచ్చి ఆ తేదీ ఏ రంగు ఇంకుతో ఉందో చూశా. నా దగ్గర అదే నీలం పెన్ను ఉంది. జున్నుకి నిజంగా టీకా వేశారు. రక్తంలో యాంటీబాడీలు నిజంగా ఉన్నాయి. ఎవరికి నష్టం? అక్క ఉద్యోగం, టికెట్లు, అమ్మ మనశ్శాంతి, అన్నీ ఒక సున్నాతో సర్దుకుంటాయి. ఆ రాత్రంతా నాకు నేను చెప్పుకున్న మాటలు ఇవే. చట్టం మీద కోపం కూడా వచ్చింది. 2020 నుంచి ఏటా టీకాలు వేయించిన పుస్తకం నాన్న చేతిరాతతో ఉంది కదా, అది చాలదా అనిపించింది.

మర్నాడు కాలేజీలో ఉండగా, క్యాంటీన్‌లో పని చేసే అన్న పరిగెత్తుకుంటూ వచ్చాడు. వాళ్ల ఏడేళ్ల బాబుని గేటు బయట ఏదో కుక్క పిక్క మీద కరిచిందట. ఆటోవాడు ఎక్కువ అడుగుతున్నాడు, బండి ఉంది కదా, నారాయణగూడ తీసుకెళ్తావా అని అడిగాడు. నారాయణగూడలో ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్ ఉంది. కుక్క కరిస్తే టీకా కోసం ఊళ్లో చాలామంది వెళ్లేది అక్కడికే. కరిచిన చోట సబ్బుతో నీళ్ల కింద పావుగంట కడిగించి, ముగ్గురం ఒకే బండి మీద వెళ్లాం.

అక్కడ క్యూ చూసి నాకు నోట మాట రాలేదు. చేతికి కట్టు కట్టుకున్న ముసలావిడ, యూనిఫాంలో ఉన్న స్కూలు పిల్ల, బ్యాగు దించకుండానే నిలబడ్డ డెలివరీ కుర్రాడు. బాబుకి ఇంజెక్షన్ చేసి, చిన్న కార్డు ఇచ్చారు. దాని మీద తేదీలు. ఈ రోజు సున్నా. తర్వాత 3, 7, 28. "తేదీ తప్పొద్దు. నొప్పి పోయింది కదా అని ఇంట్లో కూసోవద్దు" అని నర్సు గట్టిగా చెప్పింది. అన్న ఆ కార్డుని రెండు చేతులతో పట్టుకుని ఆమెని అడిగాడు, "అమ్మా, ఆ కుక్కకు పిచ్చి ఉన్నదో లేదో ఎట్ల తెలుస్తది?"

ఆమె దగ్గర జవాబు లేదు. ఎవరి దగ్గరా లేదు. ఆ కుక్క ఎవరిదో తెలీదు, ఎటు పోయిందో తెలీదు. తెలీదు కాబట్టే ఆ నాలుగు తేదీలు.

బాబుని ఇంటి దగ్గర దింపి వస్తుంటే, ఫ్రిజ్ మీద ఉన్న కాగితం మొత్తం ఆ అన్న అడిగిన ప్రశ్నకి ఎవరో రాసుకున్న జవాబేనని నాకు అర్థమైంది. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక దాదాపు బతికే అవకాశం లేదు. ప్రపంచంలో రేబిస్ చావుల్లో 36 శాతం మన దేశంలోనే అని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. వైరస్ ఒంట్లోకి వచ్చాక బయటపడటానికి మామూలుగా రెండు మూడు నెలలు పడుతుంది. టీకా వేయకముందే కుక్కకి వైరస్ సోకి ఉంటే? రక్తంలో యాంటీబాడీలు కనిపించొచ్చు, కుక్క బాగానే తిరుగుతుండొచ్చు. అది తేలడానికే ఆ మూడు నెలల ఎదురుచూపు. ముందు చిప్పు ఎందుకంటే, టీకా వేసింది ఈ కుక్కకే, రక్తం తీసింది కూడా ఈ కుక్కదే అని చెప్పడానికి ఇంకో సాక్ష్యం లేదు. ముందు ఎవరో తేలాలి. ఆ తర్వాతే ఏం చేశారన్నది లెక్కలోకి వస్తుంది.

జున్నుకి రేబిస్ లేదని నాకు తెలుసు. కానీ నాకు తెలిసినంత మాత్రాన మ్యూనిక్‌లో పార్కులో ఆడుకునే పిల్లాడి తండ్రికి తెలీదు. అతనికి కనిపించేది ఒక తేదీ మాత్రమే. ఆ తేదీ నేను మారిస్తే, ఆ అన్న రెండు చేతులతో పట్టుకున్న కార్డు మీద తేదీ మార్చినట్టే అనిపించింది.

ఆ రాత్రి అక్కకి చెప్పేశా. అన్నీ చెప్పా, సున్నా సంగతి కూడా. అక్క తిట్టలేదు. తిడితే బాగుండేది. కాసేపు ఫ్రిజ్ వైపే చూసింది. "మెసేజ్ చదివినవా?" అంది. "చదివిన. సరిగ్గ చదవలే" అన్నా.

నాన్న పుస్తకం తెచ్చి ముందు పెట్టా. "ఇది చూపిస్తే ఒప్పుకోరా? నాలుగేళ్ల టీకాలు ఉన్నయ్ ఇందులో." అక్క పేజీలు తిప్పింది. "చిప్పు నంబర్ లేదు కదరా. తెలుపు అని ఉంది. తెల్ల కుక్కలు ఎన్ని లేవు?" అంది. కోపంగా అనలేదు. కానీ నాన్న రాసింది ఎక్కడా చెల్లదని ఒకరు నోటితో చెప్పడం ఇద్దరికీ అదే మొదటిసారి. ఆ రాత్రి అక్క మొదటిసారి నా ముందు ఏడ్చింది. జున్ను లేచి వచ్చి మా ఇద్దరి మధ్య కూర్చుంది.

తెల్లారి అక్క కొత్త కాగితం రాసింది. మే 13న మళ్లీ టీకా. జూన్ 14న మళ్లీ రక్తం. సెప్టెంబర్ 14 దాకా ఆగాలి. అక్క జులై 27నే వెళ్లాలి. అలాంటప్పుడు తర్వాత ఎవరితోనైనా పంపిస్తే సరిపోదా అంటే, అక్కడ కూడా ఒక రూలుంది. యజమాని ప్రయాణానికీ కుక్క ప్రయాణానికీ మధ్య ఐదు రోజులకి మించి తేడా ఉండకూడదు. ఉంటే అది పెంపుడు జంతువుని తీసుకెళ్లడం కాదు, వ్యాపారం కింద లెక్క. దానికి నిబంధనలు వేరే, ఖర్చు వేరే. అంటే అక్క మళ్లీ రావాలి. కొత్త ఉద్యోగంలో సెలవు దొరికేది క్రిస్మస్‌కే.

జులై 27 రాత్రి అక్క ఒక్కతే వెళ్లింది. ఫ్లాట్ ఖాళీ చేశాం. నేను హాస్టల్ మానుకుని బాచుపల్లిలో డాబా మీద ఒక్క గది తీసుకున్నా. ఇల్లుగలావిడ ముందు కుక్క వద్దంది. టీకాల రిపోర్టులు చూపిస్తే, "మనుషులే ఇన్ని కాగితాలు చూపియ్యరు" అని ఒప్పుకుంది.

మొదటి పది రోజులు జున్ను అన్నం సరిగ్గా తినలేదు. సాయంత్రం ఆరయ్యేసరికి డాబా పిట్టగోడ దగ్గర నిలబడి రోడ్డు వైపు చూసేది. అక్క ఆఫీసు నుంచి వచ్చే టైమ్ అది. నా తప్పు నాకు ప్రతి రోజూ సరిగ్గా ఆరింటికి కనిపించేది.

ఆ ఐదు నెలల్లో నేను చేసిన అసలు పని పెట్టె అలవాటు చేయడం. జున్ను 14 కిలోలు, క్యాబిన్‌లోకి తీసుకెళ్లనివ్వరు. పెట్టెలో పెట్టి కింద హోల్డ్‌లో పంపాలి. ఆ పెట్టెకి అంతర్జాతీయ విమానయాన సంఘం కొలతలు పెట్టింది. ముక్కు నుంచి తోక మొదలు దాకా ఉన్న పొడవుకి, మోచేయి నుంచి నేల దాకా ఉన్న ఎత్తులో సగం కలిపితే పెట్టె పొడవు. భుజాల వెడల్పుకి రెట్టింపు పెట్టె వెడల్పు. నిలబడితే తల పైకి ఉన్న ఎత్తు, దానికి పరుపు మందం కలిపితే పెట్టె ఎత్తు. టేపు పెట్టి కొలుస్తుంటే జున్ను టేపుని కొరకడానికి చూసేది. 68కి 14 కలిపితే 82 సెంటీమీటర్లు. ఇంజనీరింగ్ డ్రాయింగ్ నాకు జీవితంలో పనికొచ్చింది ఆ ఒక్కసారే.

ప్రయాణంలో మత్తు మందు ఇవ్వకూడదు, ప్రమాదం. కాబట్టి పెట్టె అంటే భయం పోవాలి. మొదట తలుపు తీసేసి లోపల అక్క పాత చున్నీ పరిచా. వారం దాకా దగ్గరికి రాలేదు. తర్వాత గిన్నె లోపల పెట్టా. తర్వాత తలుపు పెట్టి, ఒక నిమిషం, ఐదు నిమిషాలు, గంట. దీపావళి నాటికి టపాకాయలకి భయపడి తనే లోపలికి వెళ్లి ముడుచుకుంది. నేను పెట్టె బయట చాప వేసుకుని పడుకున్నా. కమ్మీల్లోంచి ముక్కు నా చేతికి ఆనించి నిద్రపోయింది.

నవంబర్‌కి సాయంత్రం ఆరింటికి పిట్టగోడ దగ్గరికి వెళ్లడం మానేసింది. నా బండి చప్పుడికి మాత్రం మూడు అంతస్తుల పైనుంచి మొరిగేది. ఇక్కడే నేను ఊహించని చిక్కు వచ్చింది. నాకు దాన్ని పంపాలని లేదు. ఆలస్యం నా తప్పు, ఆ తప్పు వల్లే అది నాదయింది. అక్క వీడియో కాల్‌లో "ఇంకా నలభై రోజులే" అంటే, నేను మనసులో అప్పుడే నలభైయేనా అనుకునేవాణ్ణి. అక్కకి ఈ మాట చెప్పలేదు. ఇది చదివాకే తెలుస్తుంది.

డిసెంబర్ 20న అక్క వచ్చింది. జున్ను ఒక క్షణం గుర్తుపట్టనట్టు నిలబడి, తర్వాత అరగంట దాకా ఆగకుండా మొరిగింది. 28న శంషాబాద్ దగ్గర ఉన్న యానిమల్ క్వారంటైన్ ఆఫీసుకి వెళ్లాం. జంతువులని దేశం దాటించాలంటే సర్టిఫికెట్ ఇచ్చేది వాళ్లే. అధికారి స్కానర్ మెడ మీద పెట్టి, తెర మీద అంకెలు ఒక్కొక్కటీ చదువుతూ కాగితంతో సరిచూశాడు. పదిహేను అంకెలు. నేను ఆయన కంటే ఒక అంకె ముందే మనసులో చదువుకుంటున్నా. తర్వాత తేదీలు. చిప్పు మార్చి 16. టీకా మే 13. రక్తం జూన్ 14. ఆయన తల ఊపాడు. మార్చి 9 ఆ కాగితంలో ఎక్కడా లేదు. జాతి దగ్గర మిశ్రమం అని రాశారు. యజమాని దగ్గర ఒక్క పేరు, అక్కది.

జనవరి 3న ప్రయాణం. ఢిల్లీ మీదుగా మ్యూనిక్. విమానంలో జంతువులకి చోటు తక్కువ, అది నెల ముందే మాట్లాడుకున్నాం. ఎయిర్‌పోర్ట్‌లో పెట్టె తలుపు తీయగానే జున్ను తనే లోపలికి వెళ్లి, ఒకసారి తిరిగి, చున్నీ మీద పడుకుంది. ఐదు నెలలు నేను నేర్పింది అదే. ఆ క్షణంలో మాత్రం నేర్పకపోయి ఉంటే బాగుండేదనిపించింది. అమ్మ పెట్టె మీద చేయి పెట్టి "పైలం బిడ్డా" అంది. ఎవరితో అందో, అక్కతోనా, జున్నుతోనా, అడగలేదు.

మ్యూనిక్‌లో కస్టమ్స్ దగ్గర ఎర్ర దారిలో వెళ్లి చెప్పాలి. స్కానర్ పెట్టారు, నంబర్ చూశారు, కాగితాలు చూశారు. పది నిమిషాల్లో అయిపోయిందట. ఎనిమిది నెలల పని పది నిమిషాల్లో. ఫైల్ చివర అట్ట వేసిన చిన్న పుస్తకం ఉంటే, ఇదేంటని ఆ అధికారి అడిగింది. "దీని మొదటి పుస్తకం. మా నాన్న రాసింది" అని అక్క చెప్పింది. ఆమె రెండు పేజీలు తిప్పి, చదవడం రాకపోయినా జాగ్రత్తగా మూసి, రెండు చేతులతో ఇచ్చిందట. ఆ పుస్తకం అక్కడ అవసరం లేదని అక్కకి తెలుసు. అయినా పెట్టుకుంది.

ఇప్పుడు నేను ఫైనల్ ఇయర్. మనలో చాలామంది ఎమ్మెస్‌కీ ఉద్యోగాలకీ బయటికి వెళ్తున్నారు. ఇంట్లో కుక్కో పిల్లో ఉన్నవాళ్లు ఈ మధ్య నన్ను అడుగుతున్నారు కాబట్టి నాలుగు మాటలు. ఏ దేశం రూల్ ఆ దేశానిదే. అమెరికా 2024 ఆగస్టు 1 నుంచి కొత్త పద్ధతి పెట్టింది. ఇండియాలో టీకా వేయించిన కుక్కకి ఆరు నెలలు నిండాలి, చిప్పు ఉండాలి, ప్రభుత్వ అధికారి ధ్రువీకరించిన టీకా ఫారం ఉండాలి, వాళ్లు చెప్పిన కొన్ని ఎయిర్‌పోర్టుల్లోనే దిగాలి. టైటర్ రిపోర్ట్ లేకపోతే అక్కడ 28 రోజులు క్వారంటైన్. ఆస్ట్రేలియాకి మన దగ్గర నుంచి నేరుగా తీసుకెళ్లడమే కుదరదు. కాబట్టి సీటు వచ్చాక కాదు, అప్లికేషన్ పెట్టిన రోజే ఆ దేశం వెబ్‌సైట్‌లో రూల్స్ చదవండి. మనకి తెలిసినవాళ్లు చెప్పింది కాదు, వాళ్లు రాసింది చదవండి. అన్నిటికంటే ముందు చిప్పు వేయించండి. వెళ్లకపోయినా పర్వాలేదు, తప్పిపోతే దొరకడానికైనా పనికొస్తుంది. తేదీ తప్పితే ఇంకో మూడు నెలలు ఆగండి. పెన్ను మాత్రం తీయకండి.

జున్నుకి ఇప్పుడు అక్కడ మున్సిపాలిటీ పన్ను కూడా ఉంది, ఏడాదికి 100 యూరోలు. "మన ఇంట్లో ఇన్‌కమ్ లేకుండా ట్యాక్స్ కట్టేది ఇదొక్కతే" అంటుంది అక్క. నిన్న వీడియో కాల్‌లో మంచులో దొర్లుతూ కనిపించింది. నేను పిలిస్తే చెవులు నిక్కబొడుచుకుని ఫోన్ వెనక్కి వెళ్లి చూసింది. నేను అక్కడ లేను కదా, మళ్లీ ముందుకి వచ్చింది.

నా హాల్ టికెట్ నంబర్ ఎవరైనా అడిగితే ఇప్పటికీ ఐడీ కార్డ్ చూసి చెప్తా. జున్ను చిప్పు నంబర్ మాత్రం పదిహేను అంకెలూ చూడకుండా చెప్పగలను.